ఆకురాయి

గ్రిమ్స్‌బీ రేవులో, చేపల మండీ వెనక వీధిలో
చెప్పుల మడమలు, తాళం చెవులు, రెండే నా పనులు.
ఆ ఫిబ్రవరిలో వెనక కిటికీ పగిలింది.
గల్లాలో మూడొందల నలభై పౌండ్లు,
తూకానికి పోయే ఇత్తడి దిమ్మెలు ఒక డబ్బాడు,
మా ఆయన ఎడ్విన్ చేతిలో అరిగిన ఆకురాయి ఒకటి.
డబ్బుకి బీమా వచ్చింది.
ఆకురాయికి ఏ కాగితంలోనూ గడి లేదు.

వచ్చింది ఇద్దరు. దొరికింది ఒక్కడు.
క్యాలమ్ బ్రాకిల్స్‌బీ, పంతొమ్మిదేళ్ళు,
బోనులో నిలబడి చొక్కా చేతిని నములుతున్నాడు.
పద్నాలుగు నెలలన్నారు జడ్జి గారు.
కోర్టు మెట్ల మీద ఎవరో నా భుజం తట్టారు,
నేనేదో గెలిచినట్టు.

నిజం చెప్పాలి కదా,
వాడు లోపలున్నన్నాళ్ళూ కంటి నిండా నిద్రపోయాను.
జైలు ఎవరికీ పనికిరాదనేవాళ్ళు
ముందు నా తలగడని అడిగి రావాలి.

తర్వాత ఒక ఉత్తరం: ఫలానా తేదీన విడుదల.
అప్పుడర్థమైంది,
జైలు నా భయాన్ని తీర్చలేదు,
కుదువ పెట్టుకుంది.
గడువు తీరాక వడ్డీతో సహా చేతిలో పెట్టింది.

"పదేళ్ళు వేయాల్సింది" అంటాడు పక్క కొట్టు నార్మన్,
కాడ్ చేప తోలు ఒలుస్తూ.
"పదేళ్ళయ్యాక?" అంటే
కత్తి ఆగుతుంది. మళ్ళీ కదులుతుంది.

ఆ దొరకనివాడు
(ఊరు చిన్నది, నాకు తెలుసు)
ఇప్పుడు నడిసముద్రంలో గాలిమరలకి బోల్టులు బిగిస్తాడు.
ఆమధ్య బూట్లకి మడమలు వేయించుకుని
చిల్లర ఉంచుకోమని, పాప ఫోటో చూపించి వెళ్ళాడు.
వాణ్ణి ఏ గోడ బాగుచేసింది?
అసలు బాగుపడ్డాడని ఎవరు తేల్చారు?
చిల్లర మాత్రం గల్లాలో వేసుకున్నాను.

మొన్న శుక్రవారం, మూసే వేళకి, క్యాలమ్ వచ్చాడు.
నా చేయి దానంతటదే గల్లా మీదికి పోయింది.
వాడూ చూశాడు.
రెండడుగులు వెనక్కి వేసి, గుమ్మంలోంచే
తాళం చెవి ఒకటి చాచాడు.
"గది దొరికింది. దీనికి జోడీ కావాలి.
అసలుది రేపు ఇంటావిడకి ఇచ్చేయాలి."

మర తిరుగుతోంది. ఆ రొదలో,
నాతో కాదు, నేలతో అన్నాడు:
లోపల ఒక్క తలుపూ నేను తీయలేదు.
ఇంకెవరో తీసేవాళ్ళు, ఇంకెవరో వేసేవాళ్ళు.
మొదటిరోజు నా గది ముందు నిలబడే ఉన్నాను,
ఎవరైనా వచ్చి తీస్తారని.
తాళం చెవి నా చేతిలోనే ఉంది.
మెట్ల మీద ముసలావిడ అడిగేదాకా.

తాళానికైనా ఒక చెవి ఉంటుంది కదా.
విన్నాను.
గడియ అంటే తలుపుకి వేసేది,
గడియ అంటే కాలం కూడా.
వాడికి రెండూ ఒకటే మాటగా అలవాటయ్యాయి.

కోసిన పళ్ళు కాస్త గరుకుగా వచ్చాయి.
సన్న ఆకురాయి ఉండాలి వీటికి.
"ఉండేది" అన్నాను. "ఒక ఫిబ్రవరిలో పోయింది."
అప్పటికి మర ఆగిపోయింది. రొద లేదు.
వాడి ముఖం మెడదాకా ఎర్రబడింది.
"రేవులో పారేశాను. అదెందుకు పనికొస్తుందో తెలీక."
క్షమించమనలేదు. నేనూ ఎదురుచూడలేదు.
ముతకదానితోనే రుద్ది ఇచ్చాను.
ఐదు పౌండ్లూ తీసుకున్నాను, ఒక్క పెన్నీ తగ్గించకుండా.
"తిరక్కపోతే పట్టుకురా."

"మరి పని చేసిందా?" అంటాడు నార్మన్.
జైలు సంగతి అడుగుతున్నాడు.
ఇవాళ మంగళవారం. వాడింకా రాలేదు.
తిరిగిందనుకోవాలో,
తిరక్క, ఆ తలుపు ముందే
మళ్ళీ ఎవరికోసమో నిలబడ్డాడనుకోవాలో.
వెనక కిటికీకి గడియ వేశాను, రోజూలాగే.
ఆరు దాటింది.
ముతక ఆకురాయి బల్ల మీదే ఉంది.